పొలంలో దిగే ప్రతి స్లడ్జ్ ట్రాలీకీ లెక్క ఉండాలి

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షులకు, సభ్య కార్యదర్శికి బహిరంగ లేఖ



హైదరాబాద్‌లో పుట్టే మురుగునీటినంతా శుద్ధి చేయాలన్న లక్ష్యంతో ప్రభుత్వం 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలను (ఎస్టీపీలను) తలపెట్టింది. అంతకుముందున్న, రోజుకు 772 మిలియన్ లీటర్ల (ఎంఎల్‌డీ) సామర్థ్యానికి వీటితో మరో 1,259.5 ఎంఎల్‌డీ తోడవుతుంది. మూసీ బాగుపడాలని ఏళ్లుగా అడుగుతున్నవాళ్లందరికీ ఇది సంతోషం కలిగించే పని. అయితే నీళ్లు తేటపడినకొద్దీ అడుగున మడ్డి, అంటే స్లడ్జ్, పెరుగుతుంది. రోజుకు ఎన్ని లీటర్లు శుద్ధి చేశామన్నది ప్రతి ప్రకటనలోనూ వినిపిస్తుంది. ఎన్ని టన్నుల స్లడ్జ్ వచ్చింది, ఎటు పోయింది, ఏ పొలంలో దిగింది అన్నది మాత్రం వినిపించదు. ఈ లేఖ ఆ టన్నుల గురించి.

నా విన్నపం ముందే చెప్పేస్తాను. ఎస్టీపీల్లో మిగిలే స్లడ్జ్‌ను సాగుభూమిలో వాడే విషయంలో తెలంగాణకు అందరూ పాటించి తీరాల్సిన నిబంధనలు తీసుకురండి. పరీక్ష కాని స్లడ్జ్ పొలం గట్టు దాటకూడదు. పరిశ్రమల నీళ్లు కలిసిన స్లడ్జ్ తిండిపంట పండే నేలకు అసలే చేరకూడదు. చేరిన ప్రతి ట్రాలీ ఏ సర్వే నంబరులో ఎంత దిగిందో రాసి ఉండాలి.

వ్యవసాయ శాఖకో, జలమండలికో కాకుండా మీకే రాయడానికి కారణం ఉంది. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 17వ సెక్షన్ రాష్ట్ర మండలి చేయాల్సిన పనులను వరుసగా చెబుతుంది. మురుగును వ్యవసాయంలో వాడుకునే పద్ధతులు రూపొందించడం, నేల మీదికి వదలడానికి సరైన మార్గాలు చూడడం ఆ పనుల్లో ఉన్నాయి. ఆయా ప్రాంతాల నేల, వాతావరణం, నీటి వనరులను దృష్టిలో పెట్టుకుని శుద్ధి పద్ధతులు ఉండాలని కూడా అదే సెక్షన్ అంటుంది. ఎస్టీపీ నడపడానికి అనుమతి ఇచ్చేది మీరే. మురుగు కాలువలోకి నీళ్లు వదిలే ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చేదీ మీరే. ఆ కాలువను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడగల అధికారం ఉన్న కార్యాలయం మీదే.

స్లడ్జ్ వద్దని నేను అనడం లేదు. అందులో నత్రజని ఉంది, భాస్వరం ఉంది, సేంద్రియ పదార్థం ఉంది. 2025 వానాకాలంలో యూరియా బస్తా కోసం మన రైతులు తెల్లవారకముందే వరుసలు కట్టారు. భాస్వరం ఎరువుల విషయంలో ముడి రాయి మొదలు డీఏపీ దాకా దేశం దిగుమతుల మీదే ఎక్కువగా ఆధారపడుతోంది. పశువులు తగ్గి, పెంట దొరకక, చల్క నేలల్లో సేంద్రియ కర్బనం అడుగంటిపోతోంది. ఇలాంటి రోజుల్లో నగరం తిన్న తిండిలోని సారం తిరిగి నేలకు చేరాలనుకోవడం న్యాయమే. చెరువు పూడిక మట్టి పొలాలకు తోలుకోవడం మన రైతుకు తెలిసిన పని. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఊళ్లకు ఊళ్లే ట్రాక్టర్లు కట్టుకుని ఆ మట్టి తోలుకున్నాయి. నల్లగా, తేలికగా ఉండే ఎండిన స్లడ్జ్‌ను చూసినప్పుడూ రైతుకు ఆ నమ్మకమే కలుగుతుంది. అలా నమ్మేవాడి చేతికి ఇచ్చే సరుకు మంచిదో చెడ్డదో ముందే తేల్చాల్సిన బాధ్యత ఇచ్చేవాళ్లది.

స్లడ్జ్ మంచి చెడ్డలు శుద్ధి కేంద్రం గేటు దగ్గర తేలవు. కాలువలో ఏం పడిందన్న దగ్గరే తేలిపోతాయి. ఇళ్ల మురుగు మాత్రమే వచ్చే కేంద్రంలో మడ్డి ఒక రకం. ప్లేటింగ్ షెడ్లు, రంగుల కార్ఖానాలు, మందుల ఫ్యాక్టరీల నీళ్లు కలిసే కేంద్రంలో మడ్డి మరో రకం. శుద్ధి ప్రక్రియ సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టి తగ్గిస్తుంది. కాడ్మియం, సీసం, క్రోమియం, నికెల్ లాంటి లోహాలను అది కరిగించలేదు. నీటిలో నుంచి తీసి మడ్డిలో పోగుచేస్తుంది. అంటే నీరు బాగా శుభ్రపడిందంటే ఆ లోహాల్లో ఎక్కువ భాగం స్లడ్జ్‌లోకి చేరిందని అర్థం.

మన నగరానికి ఈ మాట మరింతగా వర్తిస్తుంది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రంలో శుద్ధి చేసిన పారిశ్రామిక జలాలను 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగర మురుగు మార్గంలో కలిపి, అంబర్‌పేట ఎస్టీపీకి చేర్చే ఏర్పాటు చేశారు. జీడిమెట్ల ఉమ్మడి కేంద్రం నీళ్లదీ అంబర్‌పేట దారే. పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు చుట్టుపక్కల ఊళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడిన తరువాత, అక్కడి చెరువులకూ వాగులకూ ఊరట కోసం వెతికిన మార్గం అది. అక్కడి ఊళ్లకు ఊరట దక్కాల్సిందే. కానీ ఒక చోట తీసిన భారం ఇంకో చోటికి చేరిందని మరచిపోకూడదు. 339 ఎంఎల్‌డీ సామర్థ్యంతో కట్టిన అంబర్‌పేట కేంద్రం చాలా ఏళ్లు నగరంలో అన్నిటికన్నా పెద్ద ఎస్టీపీ. దాని మడ్డిని వట్టి ఇళ్ల మురుగు మడ్డిగా లెక్కేయడానికి వీల్లేదు.

మందుల సంగతీ అంతే. 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండేదాని కంటే అది చాలా ఎక్కువ. ఆ జాతి యాంటీబయాటిక్‌లకు నీటిలో ఉండిపోవడం కంటే మడ్డికి అంటుకునే గుణమే ఎక్కువ. ఆనాటి నుంచి ఈనాటికి పరిస్థితి మెరుగుపడి ఉండవచ్చు. మెరుగుపడితే అది పరీక్ష కాగితంలో కనిపించాలి. ఫ్యాక్టరీల వ్యర్థాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దు పెడతామని 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముసాయిదా ఇచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ హద్దులు లేవు. కేంద్రం వదిలేసిన ఆ ఖాళీ మన రాష్ట్రంలోనే పెద్దది. పూడ్చే పనీ ఇక్కడే మొదలవ్వాలి.

లోహాల విషయంలో ఏ హద్దు పెట్టుకుంటామన్నది ఎంత ముఖ్యమో చిన్న లెక్క చెబుతుంది. ఎకరం పొలంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. ఏడాదికి ఎకరాకు అయిదు టన్నుల ఎండు స్లడ్జ్ తోలామనుకుందాం. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నగర కంపోస్టుకు పెట్టిన కాడ్మియం హద్దు కిలోకు 5 మిల్లీగ్రాములు. స్లడ్జ్‌లో అంతే ఉంటే, ఒక్కసారి తోలినప్పుడు మట్టిలో కిలోకు 0.03 మిల్లీగ్రాముల లోపే పెరుగుతుంది. అమెరికా 1993లో తెచ్చిన 503 నిబంధనల్లో మంచి రకం స్లడ్జ్‌కు కాడ్మియం హద్దు కిలోకు 39 మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఒక్కసారికే 0.2 దాటుతుంది. ఎకరాల వారీగా లెక్క రాసుకుంటూ వాడాలన్న షరతుతో అదే దేశం ఒప్పుకునే గరిష్ఠ హద్దు 85. అంత ఉన్న స్లడ్జ్ అయితే దాదాపు 0.5. ఐరోపా సమాజం 1986లో ఇచ్చిన ఆదేశం స్లడ్జ్ వాడే నేలకు పెట్టిన కాడ్మియం హద్దు కిలో మట్టికి 1 నుంచి 3 మిల్లీగ్రాములు. కింది హద్దు చేరడానికి మన కంపోస్టు ప్రమాణంతో 36 సార్లు తోలాలి. 39తో అయిదోసారికే, 85తో మూడోసారికే దాటిపోతుంది. ఇదంతా నేలలో ముందునుంచీ ఉన్న కాడ్మియాన్ని లెక్కలో కలపకుండా చెప్పిన మాట. పైగా నత్రజనిని పంట తినేస్తుంది, సేంద్రియ పదార్థం కరిగిపోతుంది, లోహం మాత్రం నేలలోనే ఉండిపోతుంది. ఎక్కిన లోహాన్ని మళ్లీ దింపే చవకైన దారి ఏ రైతుకూ లేదు.

కాడ్మియం గురించి అన్నం తినే మనం ప్రత్యేకంగా భయపడాలి. జపాన్‌లోని టొయామా ప్రాంతంలో గనుల నుంచి జింజు నదిలోకి, అక్కడి నుంచి వరి మళ్లలోకి చేరిన కాడ్మియం ఎముకలు విరిగే రోగమై జనాన్ని పీడించింది. అది కాలుష్యం వల్ల వచ్చిన రోగమేనని 1968లో ఆ ప్రభుత్వం ఒప్పుకుంది. పాలకూర లాంటి ఆకుకూరలు కూడా ఈ లోహాన్ని తేలిగ్గా పీల్చుకుంటాయి. ఆమ్ల గుణం ఎక్కువున్న నేలలో అది పంటలోకి ఇంకా సులువుగా ఎక్కుతుంది. సున్నం పాలు ఎక్కువున్న రేగడిలో కొంత బిగుసుకుని ఉంటుంది. అందుకే ఒకే అంకె చల్కకూ రేగడికీ సరిపోదు. నేల తీరును బట్టి పద్ధతి ఉండాలన్న 17వ సెక్షన్ మాటకు అర్థం ఇదే.

లోహాల ప్రమాదం ఏళ్ల మీద బయటపడుతుంది. క్రిములది రోజుల మీద. నులిపురుగుల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. స్లడ్జ్‌ను ఎండబెట్టినంత మాత్రాన అవన్నీ చావవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు శుద్ధి చేసిన మల బురదలో గ్రాముకు ఒక నులిపురుగు గుడ్డు కంటే తక్కువ, వెయ్యి ఈ.కోలై కంటే తక్కువ ఉండాలని చెప్పాయి. గంగా పరీవాహకంలోని ఎస్టీపీల స్లడ్జ్‌ను పరిశీలించిన ఐఐటీ రూర్కీ నిపుణులు, ఎరువుగా దానికి మంచి విలువ ఉందని చెబుతూనే, హద్దుల్లేకుండా పొలాల్లో వాడాలంటే అందులో ఎక్కువ భాగానికి ఇంకా శుద్ధి కావాలన్నారు. తక్కువ శుద్ధి అయిన స్లడ్జ్ వాడిన నేలకు అమెరికా నిబంధనలు గడువులు పెట్టాయి. నేలను తాకే కూరగాయలను 14 నెలల దాకా కోయకూడదు. దుంపలకు 20 నుంచి 38 నెలలు ఆగాలి. పశువులను 30 రోజులు మేపకూడదు. మన దగ్గర ఆ స్లడ్జ్‌ను చేత్తో చల్లేది, ఆ మడిలో వట్టి కాళ్లతో దిగి కలుపు తీసేది, కొత్తిమీర కట్టలు కట్టేది ఎక్కువగా ఆడకూలీలు. ఏ గడువు గురించీ వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

ఇక ముందే ఈ దారిలో నడిచిన దేశాల అనుభవం చూడండి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ప్రభుత్వ అనుమతితోనే దశాబ్దాల పాటు పొలాల్లో స్లడ్జ్ చల్లారు. అరండెల్ అనే ఊళ్లో ఒక పాడి పొలంలో నీళ్లలో, మట్టిలో, పాలలో పీఫాస్ అనే రసాయనాలు ఉన్నట్టు 2016లో బయటపడటం మొదలైంది. నాన్‌స్టిక్ పూతల్లో, మరకలు పట్టని బట్టల్లో వాడే ఈ రసాయనాలు ప్రకృతిలో తేలిగ్గా విరగవు. స్లడ్జ్ వాడకానికి అనుమతులిచ్చిన నాడు వాటి కోసం ఎవరూ పరీక్షించలేదు. 2022లో మెయిన్ స్లడ్జ్ వాడకాన్నే నిషేధించింది. నష్టపోయిన రైతుల కోసం ఆరు కోట్ల డాలర్ల నిధి పెట్టాల్సి వచ్చింది. 2018లో అమెరికా పర్యావరణ సంస్థ సొంత తనిఖీ విభాగమే, స్లడ్జ్‌లో దొరికిన 352 పదార్థాల భద్రతను ఆ సంస్థ తేల్చలేని స్థితిలో ఉందని నివేదిక ఇచ్చింది. స్విట్జర్లాండ్ 2006 నాటికి పొలాల్లో స్లడ్జ్ వాడకాన్ని ఆపేసింది. జర్మనీ 2017 ఉత్తర్వుతో మరో దారి పట్టింది. పెద్ద కేంద్రాలు 2029 నుంచి స్లడ్జ్‌లోని భాస్వరాన్ని విడదీసి తీయాలి. ఈ దేశాలన్నీ పొలాల్లో చల్లిన తరువాతే పాఠం నేర్చుకున్నాయి. మన కొత్త ఎస్టీపీల మడ్డి ఇప్పుడిప్పుడే పెరుగుతోంది. కాబట్టి ముందే జాగ్రత్తపడే అవకాశం మనకు ఉంది.

మన చట్టాలు ఇప్పుడు ఎక్కడ జారిపోతున్నాయో మీకు తెలియంది కాదు. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పేరు పెట్టి సంచిలో అమ్మే ఎరువును పట్టుకుంటుంది. ఎస్టీపీ నుంచి ట్రాలీలో ఊరికే పంపే స్లడ్జ్ దాని వలలో పడటం కష్టం. 2016 ఘన వ్యర్థాల నియమాలు కంపోస్టులో లోహాలకు హద్దులు పెట్టి, అవి దాటితే తిండిపంటలకు వాడొద్దన్నాయి. ఎస్టీపీ స్లడ్జ్‌కు మాత్రం అంత సూటిగా చెప్పే నియమం లేదు. ఉమ్మడి పారిశ్రామిక శుద్ధి కేంద్రంలో మిగిలే స్లడ్జ్‌ను ప్రమాదకర వ్యర్థంగా చూస్తాం, దుండిగల్ లాంటి చోట భద్రంగా పూడుస్తాం. అదే కేంద్రం నుంచి వెళ్లిన నీళ్లు ఎస్టీపీలో వదిలే మడ్డికి మాత్రం ఆ జాగ్రత్త లేదు. రైతు చేతిలో ఉన్న మట్టి ఆరోగ్య కార్డు 12 అంశాలు చూపిస్తుంది. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, బోరాన్ అన్నీ ఉంటాయి. కాడ్మియం లేదు, సీసం లేదు, క్రోమియం లేదు. నేల చెడినా ఆ కార్డు బాగుందనే చెబుతుంది.

అందుకని మండలిని కోరేవి ఇవి.

ఒకటి. ప్రతి ఎస్టీపీ నెలకు ఎంత స్లడ్జ్ తీసింది, ఎవరికి ఇచ్చింది అన్నది అందరూ చూసేలా ప్రకటించాలి. నడిపే అనుమతిలోనే ఇది షరతు కావాలి.

రెండు. కేంద్రాలను వాటిలోకి వచ్చే నీటిని బట్టి వేరుచేయాలి. పారిశ్రామిక నీళ్లు చేరే కేంద్రాల స్లడ్జ్‌ను తిండిపంటలకూ పశుగ్రాసానికీ పూర్తిగా నిషేధించాలి. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల సిమెంటు కొలిముల్లో దాన్ని కాల్చి వాడుకునే వీలును పరిశీలించాలి. అంతకన్నా ముందు, మురుగు కాలువలోకి దొంగచాటుగా రసాయనాలు వదిలే ట్యాంకర్లనూ షెడ్లనూ కట్టడి చేయాలి. అక్కడ అడ్డుకోవడానికయ్యే ఖర్చు మడ్డిని బాగుచేయడానికయ్యే ఖర్చు కంటే ఎప్పుడూ తక్కువే.

మూడు. ఇళ్ల మురుగు మాత్రమే వచ్చే కేంద్రాల స్లడ్జ్‌ను కుప్పల వారీగా, కేంద్రాన్ని నడిపే కాంట్రాక్టరుతో సంబంధం లేని ల్యాబ్‌లో పరీక్షించాలి. లోహాలకు నగర కంపోస్టు హద్దులు, క్రిములకు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు పెట్టాలి. ఫలితం తెలుగులో రాసిన కాగితంగా ట్రాలీతో పాటే రైతుకు అందాలి.

నాలుగు. పరీక్షలో నెగ్గిన స్లడ్జ్‌నైనా ఆకుకూరలు, దుంపలు, పచ్చిగా తినే కూరగాయలు పండే మళ్లలో వాడనివ్వకూడదు. మిగతా పంటలకూ గడ్డికీ గడువులు పెట్టాలి. చల్లే కూలీలకు చేతి తొడుగులు, బూట్లు ఇచ్చే బాధ్యత సరఫరా చేసేవాళ్ల మీద ఉండాలి. సెప్టిక్ ట్యాంకు లారీలు నేరుగా పొలాల్లో ఖాళీ చేయడం శిక్షించదగిన నేరం కావాలి.

అయిదు. స్లడ్జ్ తోలే ముందు ఆ నేలలో లోహాలను ఒకసారి పరీక్షించి, ఆ తరువాత ప్రతి సారీ ఎంత తోలారో సర్వే నంబరు మీద నమోదు చేయాలి. కౌలు రైతు ఈ ఏడు ఉంటాడు, వచ్చే ఏడు ఉండకపోవచ్చు. నేల ఉంటుంది. అందుకే కౌలుదారుతో పాటు పట్టాదారు సమ్మతి కూడా రాతలో ఉండాలి. నేల హద్దుకు చేరినప్పుడు సరఫరా దానంతటదే ఆగిపోవాలి.

ఆరు. నేల చెడితే బాధ్యత ఎవరిదో ముందే తేల్చాలి. స్లడ్జ్ ఇచ్చినవాళ్లే ఆ బాధ్యత మోయాలి. అందుకు స్లడ్జ్ నిర్వహణ ఖర్చులోనే ఒక నిధి పెట్టాలి. పీఫాస్, యాంటీబయాటిక్‌ల కోసం కొన్ని కేంద్రాల్లోనైనా ఇప్పటి నుంచే పరీక్షలు మొదలుపెట్టాలి.

ఇంత కట్టుదిట్టం చేస్తే ఖర్చు పెరుగుతుందని అధికారులు అనవచ్చు. ఎస్టీపీలకు వేల కోట్లు ఖర్చుపెట్టిన చోట మడ్డి పరీక్షకయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. పైగా పరీక్ష లేకుండా మిగిలిన డబ్బును రేపు రైతు తన నేలతో కట్టాల్సి వస్తుంది. ఇలా భయపెడితే రైతులు స్లడ్జ్‌ను ముట్టుకోరనీ అనవచ్చు. కాగితం చూసి తీసుకున్న రైతు మళ్లీ వస్తాడు. ఒక్క ఊళ్లో ఒక్క నేల చెడిందన్న వార్త వస్తే మాత్రం మంచి స్లడ్జ్‌ను కూడా ఎవరూ గట్టెక్కనివ్వరు. ఫాస్ఫేట్ బస్తాల్లోనూ కాడ్మియం ఉంటుంది కదా అని ఇంకొందరు అడగవచ్చు. నిజమే, ముడి ఫాస్ఫేట్ రాయిలో అది ఉంటుంది. నేల హద్దుకు చేరడానికి రెండూ కలిసి తోడ్పడతాయి కాబట్టి, స్లడ్జ్ లెక్క ఇంకా జాగ్రత్తగా రాయాలనడానికి అదే కారణం.

కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ద్రవ వ్యర్థాల నిర్వహణకు ముసాయిదా నియమాలు ఇచ్చింది. వాటి కోసం ఆగాల్సిన పని మనకు లేదు. వ్యవసాయం, భూమి, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో ఉన్న అంశాలు. మన రైతులు ఎరువు తోలేది ఎండాకాలంలో, దుక్కులకు ముందు. పూర్తి నిబంధనలకు సమయం పడితే పట్టనివ్వండి. పారిశ్రామిక నీళ్లు చేరే కేంద్రాల స్లడ్జ్ పొలాలకు పోకుండా ఆపే ఉత్తర్వు, మిగతా కేంద్రాల్లో పరీక్షను తప్పనిసరి చేసే ఉత్తర్వు ఈ రెండూ వచ్చే ఎండాకాలం లోపు ఇవ్వండి. జలమండలినీ, వ్యవసాయ శాఖనూ, వ్యవసాయ విశ్వవిద్యాలయపు నేల శాస్త్రవేత్తలనూ, మూసీ ఆయకట్టు రైతులనూ ఒకే సమావేశానికి పిలిచి ముసాయిదా ముందు పెట్టండి. ఆ ముసాయిదా మీద నేనూ, నాలాంటి మరెందరో అభిప్రాయాలు రాసి పంపుతాం. దానికి తేదీ ప్రకటించండి.

ఇట్లు,
నేల గురించీ నీటి గురించీ రాస్తూ వస్తున్న ఒక తెలంగాణ పౌరుడు